సొరబుర్రతో ఏకతార

డాలస్‌లో మూడేళ్లుగా ఆదివారం తెలుగు తరగతికి పంపుతున్నా, మా పదకొండేళ్ల అమ్మాయీ ఎనిమిదేళ్ల అబ్బాయీ ఇంట్లో బదులిచ్చేది ఇంగ్లీషులోనే. ఆ బెంగతోనే గత వేసవిలో వాళ్లను కోవూరు దగ్గరున్న మా ఊరికి తీసుకువెళ్లాను. తన చిన్నతనంలో తత్వాలు పాడుతూ వీధివెంట వచ్చే వారి చేతిలో చూసిన ఏకతారను, అంటే ఒకే తీగ ఉండే వాద్యాన్ని, పిల్లలతో కలిసి చేయాలని మా నాయన అనుకున్నారు.

మిద్దెమీద ఎండబెట్టిన సొరకాయలను ఒక్కొక్కటే చెవి దగ్గర ఊపి, లోపల గింజలు గలగలలాడేదాన్నే ఏరమన్నారు. నేను తొందరపడి తీసిన కాయ సరిగా ఎండకపోవడంతో రంపం పెట్టగానే నలిగి చీలిపోయింది. పిల్లలు ఏరిన బుర్రకు నోరు కోసి, వెదురు కర్ర దూర్చి, నానబెట్టిన మేకతోలును చింతగింజల జిగురుతో అతికించి ఎండలో పెట్టారు. ఎండేకొద్దీ తోలు దానంతట అదే బిగుసుకుని, వేలితో తడితే గట్టిగా మోగింది.

తీగను మోసే చెక్కముక్కను గుర్రమనీ, తీగను బిగించే మేకును బిరడా అనీ అంటారని తెలిసినప్పటి నుంచి మావాడు ఆ మాటలను వదల్లేదు. "నిదానంగా తిప్పు నాయనా, తీగ తెగుద్ది" అని తాత అంటుండగానే రెండు తీగలు తెగాయి.

గుర్రం నుంచి బిరడా వరకు తీగ 60 సెంటీమీటర్లు. గుర్రం నుంచి 30 దగ్గర నొక్కితే పై షడ్జమం (స), 40 దగ్గర పంచమం (ప) పలికాయి. తీగ పొడవు సగమైతే కంపనాల వేగం రెట్టింపవుతుందనీ, మధ్యమానికి (మ) ఆ వేగం షడ్జమానికి 4/3 రెట్లనీ నేను చెప్పగా, మధ్యమానికి 45 అని అమ్మాయి తానే లెక్కకట్టింది. అయితే నొక్కినప్పుడు తీగ కొంచెం సాగి శ్రుతి పెరుగుతుంది గనుక, ప్రతి గుర్తునూ వెంట్రుకవాసి బిరడా వైపు జరపవలసి వచ్చింది. తరగతిలో వల్లెవేయించినా నోటికి రాని బిగువు, వదులు, శ్రుతి వంటి మాటలు చేతిలో పని ఉన్నందువల్లే వాళ్లకు పట్టుబడ్డాయని నా నమ్మకం.

ఏకతారను ఊళ్లోనే ఉంచి వచ్చాము. కార్తీకమాసపు ముసురులో నాయన ఫోన్ చేసి, శ్రుతి దిగిపోయిందన్నారు.

"చెమ్మకు తోలు వదులైంది తాతా, గుర్రం కుంగింటుంది. ఎండొచ్చిందాకా బిరడా తిప్పొద్దు" అంది మా అమ్మాయి.