ఒకే ప్రయోగం, రెండు సెమినార్లు

మనుషులు లాభం కళ్ళముందున్నప్పుడు జాగ్రత్తపడతారు, నష్టం ఎదురైతే తెగిస్తారు. ఎందుకు అన్నది నా పరిశోధన అంశం. దీన్ని మొదట అర్థశాస్త్ర విభాగం సెమినార్లో, కొంతకాలానికి మనస్తత్వశాస్త్ర విభాగంలో వినిపించాను. అప్పటికి ప్రయోగం ఇంకా మొదలుకాలేదు, పథకం మాత్రమే సిద్ధంగా ఉండేది. ఆ దశలోనే వెళ్ళమని మా గైడు పట్టుబట్టారు. డేటా చేతికొచ్చాక అడిగే మంచి ప్రశ్న బాధపెడుతుందే తప్ప పనిని మార్చలేదని ఆవిడ నమ్మకం. ఇలాంటి అంశం ఎంచుకున్న పరిశోధక విద్యార్థులకు ఉపయోగపడవచ్చని, అక్కడ జరిగింది రాస్తున్నాను.

తేదీ అడగడం, సారాంశం పంపడం మామూలే. స్లైడ్ల విషయంలో మాత్రం గైడు చెప్పిన ఒక్క మాట బాగా పనికొచ్చింది: "నీ ప్రశ్న ఏమిటో మూడో స్లైడు దాటకముందే అందరికీ తెలియాలి." అందుకే పాత పరిశోధనల చరిత్రంతా పక్కనపెట్టి, 1979లో మనస్తత్వశాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ ప్రచురించిన వ్యాసంలోని ఒకే జత ప్రశ్నలతో మొదలుపెట్టాను. ఖాయంగా వచ్చే 3000 కావాలా, 80 శాతం అవకాశంతో 4000 కావాలా అని అడిగితే 80 శాతం మంది ఖాయమైనదే కోరుకున్నారు. అవే అంకెలను నష్టంగా మార్చి, ఖాయంగా 3000 పోగొట్టుకుంటారా లేక 80 శాతం అవకాశంతో 4000 పోయే పందెం కాస్తారా అంటే, 92 శాతం మంది పందేనికే సిద్ధపడ్డారు. సగటు లెక్కన ఆ పందెంలో పోయేది 3200 (4000లో 80 శాతం), మొదటి పందెంలో వచ్చేదీ అంతే. అంటే రెండుసార్లూ జనం సగటు లెక్కకు ఎదురు నడిచారు. నాకు ఈ అంశం మీద ఆసక్తి పుట్టించినవి ఈ అంకెలే.

అర్థశాస్త్ర సెమినార్లో వక్త మాట పూర్తయ్యేదాకా ఎవరూ ఆగరు. రెండో స్లైడు మీదే మొదటి ప్రశ్న పడింది: "వాళ్ళకు నిజంగా డబ్బు ఇచ్చారా?" ఇవ్వలేదు, అవి ఊహాత్మక ప్రశ్నలు. నోటితో చెప్పే ఎంపికకూ, డబ్బు చేతులు మారే ఎంపికకూ మధ్య తేడా ఉండవచ్చన్నది ఆ గదిలో అందరి పట్టు. నా ప్రయోగంలో నిజమైన డబ్బే ఉంటుందని చెప్పి ముందుకు కదలబోయాను. అప్పుడే వెనుక వరుసలోని ఒక సీనియర్ ప్రొఫెసర్ అసలు ప్రశ్న వేశారు: "పోయే డబ్బు ఎవరిది?"

మిగతా సమయంలో చాలా భాగం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది, తిరగవలసినదే కూడా. పాల్గొనేవారి సొంత జేబులోంచి డబ్బు తీసుకోవడాన్ని నైతిక కమిటీ ఒప్పుకోదు. అందుకే మొదట కొంత డబ్బు చేతికిచ్చి, నష్టం వస్తే అందులోంచి తీసుకోవడం వాడుక. నా పథకమూ అదే. కానీ పది నిమిషాల క్రితం ఊరికే వచ్చిన డబ్బు పోతే అది నష్టమా, రావలసిన లాభం తగ్గడమా? అప్పుడే గెలుచుకున్న సొమ్ముతో మనుషులు ఎక్కువ తెగింపు చూపుతారని రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లోనే చూపించారు. నా ప్రయోగంలో తెగింపు కనబడితే అది నష్టభయం వల్లనా, పరాయి సొమ్మన్న ధైర్యం వల్లనా? ఆ పథకంతో ఈ రెంటినీ విడదీయడం సాధ్యం కాదు. అదే మాట సూటిగా చెప్పాను. గదిలో చర్చ ఆ క్షణం నుంచే వేడెక్కింది. ఒకరు డబ్బును కష్టపడి సంపాదించుకోనివ్వమన్నారు, మరొకరు ముందే ఇచ్చి కొన్నాళ్ళు వాళ్ళ దగ్గరే ఉంచమన్నారు. నా మిత్రుడు ఒక మూల కూర్చుని ప్రశ్నలన్నీ రాసిపెట్టాడు. నిలబడి మాట్లాడేవారికి సగం ప్రశ్నలు గుర్తుండవు, కాబట్టి ఈ సాయం ఎవరినైనా తప్పకుండా అడగండి.

మనస్తత్వశాస్త్ర విభాగంలో చివరిదాకా మౌనంగా విన్నారు. ఆ నిశ్శబ్దమే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది. డబ్బు ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాలేదు. ఎంపిక చేసే క్షణంలో మనసులో ఏం జరుగుతోంది, దాన్ని దేనితో కొలుస్తారు అన్నారు. నష్టం బరువుగా తోచడం ఒక వివరణ. నష్టం ఉన్నచోట మనిషి ఎక్కువ శ్రద్ధ పెట్టడం మరో వివరణ, ఎల్దాద్ యెఖియామ్, గై హోక్‌మన్ వాదించినది ఇదే. కేవలం ఎంపికలను లెక్కపెడితే ఈ రెండూ ఒకేలా కనిపించవచ్చు. నమూనా పరిమాణం, అంటే ఎంతమందిని పరీక్షిస్తానన్న దాని గురించీ, ముందస్తు నమోదు, అంటే ఏం పరీక్షిస్తామో డేటా రాకముందే రాసి నమోదు చేయడం గురించీ గట్టిగానే నిలదీశారు. ఆ పట్టుదలకు కారణముంది. 2015లో వాళ్ళ రంగంలోని 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలిచిన ఫలితాలు 36 శాతమే.

ఒక సూచనను మాత్రం తీసుకోలేకపోయాను. పందేల ఫలితాలను రహస్యంగా ముందే నిర్ణయించి, ప్రయోగం ముగిశాక నిజం చెప్పేయమన్నారు. అక్కడ అది అనుమతి ఉన్న పద్ధతే. ప్రయోగాత్మక అర్థశాస్త్రంలో పాల్గొనేవారికి అబద్ధం చెప్పకూడదన్నది గట్టి నియమం. ఒకసారి మోసపోయినవారు తరువాతి ప్రయోగంలో ఏ సూచననూ నమ్మరు, నమ్మనివారి ఎంపికలకు అర్థం ఉండదు. ఈ విషయంలో నేను అర్థశాస్త్రం పక్షమే.

రెండు చోట్లా వచ్చిన ప్రశ్నలను ముందు పెట్టుకుని పథకం తిరిగి రాశాను. పాల్గొనేవారు మొదటి రోజు అంకెల పట్టికలు కంప్యూటర్లోకి ఎక్కించే విసుగు పని చేసి డబ్బు సంపాదించి ఇంటికి తీసుకెళతారు. కొన్నాళ్ళ తరువాత ఆ మొత్తం తెచ్చుకుని వచ్చి ఎంపికలు చేస్తారు. వాటిలో ఒకటి యాదృచ్ఛికంగా తీసి, దాని ప్రకారమే లెక్క తేలుస్తాం. ప్రతి ఎంపికకూ పట్టిన సమయం కంప్యూటర్ నమోదు చేస్తుంది. శ్రద్ధ గురించిన వివరణకు పూర్తి పరీక్ష కాకపోయినా ఇది ఒక ఆధారం.

ఇది చూసి గైడు వెంటనే పట్టుకున్న చిక్కు ఒకటుంది: రెండో రోజు ఎవరు తిరిగి వస్తారు? సంపాదించినది పోవచ్చని తెలిశాక జాగ్రత్తపరులు రాకపోతే, మిగిలేది తెగించేవారే. వచ్చినందుకు మంచి మొత్తం ఇస్తే, ఊరికే వచ్చిన డబ్బు సమస్య మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని హాజరు సొమ్మును చిన్నదిగా ఉంచి, తెగింపును కొలవడానికి చార్లెస్ హోల్ట్, సూసన్ లారీ 2002లో వాడిన పది ఎంపికల జాబితాను మొదటి రోజే అందరికీ ఇస్తున్నాం. తిరిగి వచ్చినవారికీ రానివారికీ తెగింపులో తేడా ఉంటే అందులో కనబడాలి. ముందస్తు నమోదులో ఆ పోలికనే మొదటి పట్టికగా రాశాను. నైతిక కమిటీ అనుమతి వచ్చింది, మొదటి బృందం పట్టికలు ఎక్కించడం మొదలుపెట్టింది.