సెలవుల్లో పెరిగిన నాలుగు కిలోలు

నాకు సీఓపీడీ, అంటే శ్వాసనాళాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, ఉందని తేలి ఆరేళ్లయింది. ఇన్‌హేలర్ పీల్చాక చేసిన స్పైరోమెట్రీలో, మొదటి సెకనులో నేను బలంగా వదలగలిగిన గాలి నా వయసుకూ ఎత్తుకూ ఉండవలసిన దానిలో 48 శాతమే వచ్చింది. ఆ అంకెకు అలవాటు పడ్డాను గానీ, బరువు చూసుకునే యంత్రం మీది అంకెను ఎన్నడూ పెద్దగా పట్టించుకోలేదు. రెండేళ్ల కిందట మూడు వారాల పండుగ సెలవుల్లో నాలుగు కిలోలు పెరిగినప్పుడు కూడా, అందరికీ ఉండేదే కదా, మెల్లగా తగ్గించుకోవచ్చులే అనుకున్నాను.

తేడా బూట్ల దగ్గర తెలిసింది. మంచం అంచున కూర్చుని లేసులు కట్టుకోబోతే, వంగిన మరుక్షణం ఊపిరి గొంతులోనే నిలిచిపోయినట్టయింది. ఒక బూటు ముడి వేసి, నిటారుగా కూర్చుని, ఈల వేసేటప్పటిలా పెదవులు ముడిచి నెమ్మదిగా గాలి వదిలి, ఆయాసం సర్దుకున్నాక రెండో బూటు అందుకున్నాను. సెలవులకు ముందు ఇదే పని ఒక్క బిగిన చేసేవాణ్ణి.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ గీసి కారణం చెప్పారు. మా జబ్బులో లోపలి గాలి పూర్తిగా బయటికి పోక ఊపిరితిత్తులు ఉబ్బి ఉంటాయి. వాటి కింద గొడుగులా వంపు తిరిగి ఉండవలసిన డయాఫ్రం అనే శ్వాస కండరం ఆ ఒత్తిడికి చదునై, కిందికి కదిలే సత్తువ కోల్పోతుంది. పొట్టలో చేరిన కొవ్వు దాన్ని కింది నుంచి నెడితే ఇక ఎటూ కదలలేదు. కడుపు నిండా తిన్న భోజనం కూడా కాసేపు అదే పని చేస్తుంది కాబట్టే, విందు తర్వాత నాకు మాట కూడా ముక్కలుముక్కలుగా వచ్చేది. నేను దాన్ని అజీర్తి అనుకునేవాణ్ణి.

తప్పంతా తిండి మీదికి నెట్టడం న్యాయం కాదు. ఆ సెలవుల మొదట్లోనే జలుబు ఛాతీలోకి దిగడంతో, రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున ఐదు రోజులు ప్రెడ్నిసోలోన్ వాడవలసి వచ్చింది. స్టెరాయిడ్ మాత్రలు ఆకలిని రేపుతాయి, ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలుపుతాయి. భోజనం చేసి గంట తిరగకముందే నేను మళ్లీ వంటింట్లో డబ్బాల మూతలు తీసేవాణ్ణి. దానికి తోడు, ఆయాసం వస్తుందన్న భయంతో నడక మానేశాను. చుట్టాల ముందు ఆగి ఆగి నడవాలంటే సిగ్గు కూడా, ఒప్పుకోవాలి.

తర్వాత చేసిన పొరపాటు ఇంకా పెద్దది. సెలవులు కాగానే రాత్రి భోజనం పూర్తిగా మానేశాను. బరువైతే తగ్గింది గానీ తొడల్లో బలం పోయి, మెట్లెక్కడం మునుపటికన్నా కష్టమైంది. శ్వాస తీయడానికే ఎక్కువ శక్తి ఖర్చయ్యే మాలాంటి వాళ్లకు కండ కరగడం కొవ్వు పెరగడం కన్నా ప్రమాదమని, ఈ జబ్బు తీవ్రతను లెక్కగట్టే బోడ్ సూచికలో బీఎమ్ఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే అంకె) 21 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే దాన్ని ముప్పు కిందే లెక్కిస్తారని డాక్టరు గారు కోప్పడి మరీ చెప్పారు. ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామం, శ్వాస పద్ధతులు నేర్పే ఎనిమిది వారాల పల్మనరీ రిహాబిలిటేషన్‌లో నన్ను చేర్చారు.

మరుసటి ఏడాది సెలవులకు ముందే ఇంట్లో వాళ్లతో మాట్లాడుకున్నాను. పెద్ద భోజనాన్ని చిన్నచిన్న భాగాలుగా ఐదుసార్లు తిన్నాను. ప్రతిసారీ మాంసకృత్తులున్న పదార్థంతో మొదలుపెట్టి, తీపి చివరికి ఉంచుకున్నాను. తినే ముందు పావుగంట కదలకుండా కూర్చునేవాణ్ణి. "ఒక్కటి తింటే ఏమవుతుంది నాన్నా?" అని అమ్మాయి అడిగితే, ఒక్కటే తిని పళ్లెం పక్కన పెట్టేవాణ్ణి. ఇల్లు నిండా మనుషులున్నా ఉదయం పూట, మధ్యమధ్య ఆగుతూనే, ఇరవై నిమిషాలు నడిచాను.

రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు బరువు చూసుకోవడం మాత్రం నన్ను నిజంగా కాపాడింది. ఒకసారి రెండు రోజుల్లో కిలోన్నర పెరిగాను. ఒక కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి సుమారు 7,700 కిలోక్యాలరీలు తినాలి. అంత నేను తినలేదు. మేజోడు విప్పి చూస్తే చీలమండ చుట్టూ దాని అంచు గాడిలా దిగి ఉంది. అది కొవ్వు కాదు, నీరు. మా జబ్బులో గుండె కుడివైపు భారం పడినా ఇలాగే నీరు చేరుతుందని ముందే విని ఉండడంతో, తిండి తగ్గించుకుంటూ కూర్చోకుండా ఆ రోజే డాక్టరు గారికి ఫోన్ చేశాను. ఆయన పరీక్ష చేసి మందు మార్చారు, ఉప్పు తగ్గించమన్నారు. నాలుగు రోజుల్లో కాళ్లు మామూలయ్యాయి.

ఆ సెలవుల చివర నా బరువు 700 గ్రాములు పెరిగింది. స్పైరోమెట్రీ అంకెలో మార్పేమీ లేదు, ఉంటుందని నేనూ అనుకోలేదు. లేసులు లేని బూట్లు కొనిపెడతానని అమ్మాయి అంటూనే ఉంది గానీ, పొట్ట ఊపిరికి ఎంత అడ్డొస్తోందో నాకు ముందుగా తెలిసేది ఆ ముడి దగ్గరే కాబట్టి ఇంకా వద్దనే చెబుతున్నాను.