కమ్మరి కొలిమి కొట్టం: రెండు వేల గూనల అనుభవం

నిన్న రాత్రి నా నమూనా కొట్టం పైకప్పుకు చివరి గూన (పెంకు) అతికించాను. వేళ్లకు ఫెవికాల్ ఇంకా వదల్లేదు. పైకప్పు ఎక్కడ చెడిందో, ఎట్ల సరి చేశానో మరిచిపోకముందే రాసిపెడుతున్నా. ఇట్లాంటి డయోరమా (చిన్న కొలతలో కట్టే నమూనా దృశ్యం) కట్టాలనుకునేవాళ్లకు ఈ ముచ్చట ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు.

నేను కట్టింది దేవరకొండ వైపు ఊళ్లల్లో ఉండే పాత కమ్మరి కొలిమి కొట్టం. అసలుది 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అడుగుకు అర అంగుళం లెక్క పెట్టుకున్నా, అంటే 24లో ఒక వంతు. టేపుతో అడుగుల్లో కొలిచింది సగం చేస్తే అంగుళాలైపోతుంది. నా కొట్టం 8 అంగుళాలు, 6 అంగుళాలు. ఐదున్నర అడుగుల మనిషి 7 సెంటీమీటర్లు.

అడుగున 12 మి.మీ. ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసే) పలక. రెండు వైపులా పెయింటు కొట్టి ఆరాకే పైన తడిమట్టి వేయాలి, ఒక వైపే తడిస్తే వంగుతుంది. గోడలు సన్‌బోర్డ్ (తేలికపాటి ప్లాస్టిక్ నురుగు పలక), దాని మీద జల్లించిన చల్క మన్నులో (ఎర్రటి ఇసుకమన్ను) ఫెవికాల్ కలిపిన పూత. దూలం, వాసాలు వెదురు పుల్లలు. మూడు సాయంత్రాల్లో అయిపోయింది.

ఇక పైకప్పు. వీడియోల్లో అందరూ జ్యూస్ స్ట్రాలను నిలువునా చీల్చి వాడమంటారు. వాడకండి. నున్నటి ప్లాస్టిక్ మీద రంగు నిలవదు, గోరు తగిలితే పొరలుగా లేస్తుంది. అట్టపెట్టె పైపొర ఊడబీకి లోపలి అలలను గూనలనుకొమ్మనేవాళ్లూ ఉన్నారు. అందులో గూనకూ గూనకూ మధ్య అంచే కనపడదు, సిమెంటు రేకులా ఉంటుంది.

నేను పాత పెళ్లిపత్రికల అట్ట తీసుకున్నా. మందం 0.4 మి.మీ., 24తో గుణిస్తే సుమారు సెంటీమీటరు. అసలు గూన మందం దాదాపు అంతే. 10 మి.మీ. పొడవు ముక్కలు కోసి, కొంచెం తడిపి, 5 మి.మీ. కడ్డీ మీద వంచి ఆరబెట్టా. ఒక వాలు పూర్తిగా పేర్చా. చూరు దగ్గర బాగానే ఉంది. పైకి పోయేకొద్దీ మీది గూన కిందిదాని మీద కూర్చోకుండా ముక్కు పైకెత్తింది, వరుసలు పక్కకు ఒరిగాయి. జిగురు ఎక్కువైందేమోనని పీకి మళ్లీ వేశా. మళ్లీ అదే. మూడోసారి బరువు పెట్టి ఆరబెట్టినా అంతే. నాలుగు రాత్రులు పోయాయి, కారణం అంతుబట్టలేదు.

చక్రం మీద గూనలు చేసిన ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "నీళ్లన్నీ ఇంట్లకే వస్తయి బిడ్డా" అన్నాడు. పక్కన నలుగురున్నారు, తల ఎత్తలేకపోయా. ఆయన చెప్పాక అర్థమైంది. కుమ్మరి చక్రం మీద గొట్టంలా లేపి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండు చీలికలు చేస్తాడు. ఆ గొట్టం ఒక కొస వెడల్పు, ఇంకో కొస సన్నం. రెండు కొసలూ సమానంగా ఉంటే ఒకదాంట్లో ఒకటి కూర్చోదు. నావన్నీ సమానమే.

రెండో తప్పు దిశ. వెల్లకిలా పడుకునే గూనకు వెడల్పు కొస పైకి, సన్న కొస చూరు వైపు ఉండాలి. అప్పుడే పై గూన కొస కింది గూన దోసిట్లోకి దిగుతుంది. వాటి సందుల మీద బోర్లించే గూనకు ఇది తలకిందులు: సన్న కొస పైకి, వెడల్పు కొస కిందికి. రెంటినీ నేను ఒకే దిక్కుకు పెట్టా. చూరు నుంచి మొదలుపెట్టి కొప్పు దాకా పోవాలి, ఎప్పుడూ పైనుంచి కిందికి రావద్దు.

కొత్త ముక్క ఒక వైపు 9 మి.మీ., ఇంకో వైపు 7 మి.మీ. వంచడానికి కొసకు సన్నబడే పెయింటింగ్ బ్రష్ కాడ సరిగ్గా సరిపోయింది. గూన మీద గూన 3 మి.మీ. ఎక్కాలి. ఒక్కో వాలుకు 14 అడ్డవరుసలు, 36 నిలువు వరుసలు, వెల్లకిలా ఒక పొర, బోర్లా ఒక పొర: 1,008. రెండు వాలులకు 2,016. నిమిషానికి ఐదు వంచినా ఏడు గంటలకు కొంచెం తక్కువ. వంచేముందే అట్టకు రంగు వేసుకోవాలి: ఇటుక ఎరుపు సగం, ముదురు ఎరుపు కొంత, నలుపు తిరిగినవి కొన్ని కలిపి డబ్బాలో పోసి, చేతికి వచ్చింది వచ్చినట్టు పెట్టాలి. ఏరి పెడితే గళ్ల దుప్పటిలా కనపడుతుంది. ఇప్పుడు నా కప్పు మీద చెంచాతో నీళ్లు పోస్తే చూరు దాకా జారతాయి. ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

కొలిమి దగ్గర పెట్టే ఎడ్లబండి చక్రం లేజర్ కటింగ్ షాపుకు ఇవ్వడం డబ్బు దండగ. మూడు మి.మీ. ప్లైవుడ్‌లో ఒకే బిళ్లగా కోసిచ్చారు, పొరలకు అడ్డం పడ్డ ఆకులు (చక్రం నడుమ పుల్లలు) ముట్టుకుంటే విరిగాయి. పైగా పది ఆకులే పెట్టి, "ఎవరు లెక్కపెడతారు" అన్నారు. ఊళ్లో మొదట లెక్కపెట్టేది అదే! ఒక్కో పూటీకి (చక్రం అంచు చెక్క ముక్క) రెండు చొప్పున ఆరు పూటీలకు 12 ఆకులు, ఒక్కోటి 30 డిగ్రీల దూరంలో. విడివిడిగా చేసి కుంభిలోకి (నడిమి దిమ్మె) దించండి. అసలుది నల్లతుమ్మ, నమూనాకు వడ్లాయన దగ్గర దొరికే టేకు తునకలు చాలు. ఐదడుగుల చక్రం 63.5 మి.మీ. వస్తుంది, చుట్టూ ఇనుప పట్టాకు 2 మి.మీ. వెడల్పు నూనెడబ్బా రేకు, 199 మి.మీ. పొడవు.

కొలిమి సామాను రెడీమేడ్‌గా కొనకండి. బొమ్మల సెట్లలో నడుమెత్తు ఇటుక పొయ్యి, కొమ్ము ఉన్న దాగలి (కాల్చిన ఇనుము పెట్టి కొట్టే దిమ్మె) వస్తాయి. మన కమ్మరి కూర్చుని కొడతాడు. పొయ్యి నేలలోనే, దాగలి మొద్దులో దిగేసిన నలుచదరపు ఇనుప దిమ్మె, నేలకు జానెడెత్తు. నమూనాలో 5 మి.మీ. దిమ్మె, 9 మి.మీ. ఎత్తు. తోలుతిత్తికి పాత చేతిసంచి లోపలి పల్చటి తోలు వాడా. తిత్తి పెడితే చేత్తో తిప్పే ఫ్యాన్ పెట్టొద్దు, రెండూ ఒకే పొయ్యికి ఉండవు.

మసి చివర. పొయ్యి పైన వాసాలకు, గూనల అడుగుకు తుమ్మబొగ్గు పొడి మెత్తటి బ్రష్‌తో అద్దాలి. మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని పూత) కొట్టాక నలుపు మారొచ్చు కాబట్టి మొదట సగమే అద్దండి. ఫెవిక్విక్ పని ఉంటే మసికి ముందే ముగించండి, దాని ఆవిరి పక్కనున్న నలుపు మీద తెల్లటి పొరలా కూర్చుంటుంది. నా దాగలి పక్కన రూపాయి బిళ్లంత అట్లాంటి మచ్చ ఒకటి పడింది. పొయ్యి బూడిద అక్కడే పోసి కప్పాను.