పొందూరు కిటికీ ఊచలు, ఆరు లెన్సులు

మా మేనత్తది పొందూరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ రాట్నం ముందే కనిపిస్తుంది. వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతుంది, ఏకులు చేసుకుంటుంది, ఆ ఏకులోంచి వెంట్రుక కన్నా సన్నటి దారం లాగుతుంది. అలా వడుకుతున్న ఫొటో ఒక్కటి, గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకోదగ్గది తీయాలని చాన్నాళ్ళ కోరిక. అక్టోబర్‌లో మొదలుపెట్టాను, మేలో అయింది. ఈ ఎనిమిది నెలల్లో వెనక మసక గురించి, లెన్సుల గురించి నేర్చుకున్నది రాసి పెడుతున్నాను. శ్రీకాకుళంలో ఉద్యోగం కాబట్టి దొరికినవి ఆదివారాలే.

నా కెమెరా కెనాన్ 200డి. సెన్సర్ (బొమ్మని పట్టే చిప్పు) ఏపీఎస్-సీ సైజుది, అంటే ఫుల్ ఫ్రేమ్ కెమెరాల దానికన్నా చిన్నది. దాంతో పాటు వచ్చిన 18-55 ఎంఎం లెన్సుతోనే (కిట్ లెన్సు అంటారు) మొదటి ఆదివారం వెళ్ళాను. అత్త కూర్చునే గదిలో నేల దాకా దిగిన పాతకాలపు కిటికీ ఒకటి ఉంది, దానికి నిలువు ఇనప ఊచలు. వెలుతురు అక్కడే బాగుంటుందని పీట ఎప్పుడూ కిటికీ పక్కనే వేసుకుంటుంది. 55 దగ్గర ఎఫ్/5.6లో (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు కన్నం అంత పెద్దది, వెనక మసక అంత ఎక్కువ) తీస్తే ఊచలు, బయట గోడ, దండెం మీద తువ్వాలు అన్నీ లెక్కపెట్టేలా వచ్చాయి. స్క్రీన్ మీద చూపిస్తే అత్త, "ఊచలు నా బుర్రలోంచి మొలిచినట్టున్నాయేట్రా?" అంది. నిజమే. దారం అయితే ఎక్కడా కనిపించలేదు.

నవంబర్‌లో మా బావ దగ్గర 50 ఎంఎం ఎఫ్/1.8 తెచ్చుకున్నాను. ఆయన పెళ్ళిళ్ళ ఫొటోలు తీసే రోజుల్లో వాడిన పాత రెండో రకం, ప్లాస్టిక్ మౌంటుది. మసక పెరిగింది. కానీ మరో చిక్కు వచ్చింది. ఒక్కో ఊచ రెండు గీతలుగా చీలింది, మధ్యలో పలచగా, అంచులు తెల్లగా. మసక ఉంది కానీ కన్నుకి హాయి లేదు. అత్త మొహం మీద నిలవాల్సిన చూపు వెనక్కి పోతోంది.

ఇది ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి ఒక వారం పట్టింది. లెన్సు అంచుల గుండా వచ్చే కిరణాలు, మధ్య గుండా వచ్చేవి సరిగ్గా ఒకే చోట కలవవు. దీన్ని సరిదిద్దే ప్రయత్నంలో దిద్దుబాటు కాస్త ఎక్కువైతే, ఫోకస్‌కి వెనక ఉన్న ప్రతి వెలుగు చుక్కా గట్టి అంచున్న చక్రంలా పడుతుంది. చుక్కకి గట్టి అంచు వస్తే గీతకి రెండు అంచులు వస్తాయి. ఊచలు జంటలైంది అందుకే. దిద్దుబాటు తక్కువగా ఉన్న లెన్సులో చక్రం మధ్యలో వెలుగు ఎక్కువగా ఉండి అంచుల వైపు పలచబడుతుంది, అప్పుడు వెనకదంతా వెన్నలా కరుగుతుంది. బోకే అనే మాట జపాన్ వాళ్ళది, మసక అని అర్థం. 1997లో ఒక అమెరికన్ ఫొటోగ్రఫీ పత్రిక దానికి ఇంగ్లీషులో చివర హెచ్ చేర్చి రాశాక అందరి నోటా పడింది. మసక ఎంత అన్నది ఒక సంగతి, ఎలాంటిది అన్నది ఇంకో సంగతి. నేను అప్పటిదాకా మొదటిదే చూస్తున్నాను.

ఎంత అన్నదానికి మాత్రం చక్కటి లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ని (లెన్సు పేరులోని ఎంఎం అంకె) ఎఫ్ నంబరుతో భాగించండి. 50ని 1.8తో భాగిస్తే 28 మిల్లీమీటర్లు. బాగా దూరంలో ఉన్న దీపం, మనం ఫోకస్ చేసిన మనిషి పక్కన సరిగ్గా అంత వెడల్పు చక్రంలా కనిపిస్తుంది. నమ్మబుద్ధి కాక రాత్రి డాబా ఎక్కాను. మా అమ్మాయి చేతికి 10 రూపాయల బిళ్ళ ఇచ్చి, మీటరు దూరంలో నిలబెట్టి, బిళ్ళ మీద ఫోకస్ చేశాను. వెనక నాగావళి వంతెన వైపు వీధి దీపాలు. బిళ్ళ వెడల్పు 27 మిల్లీమీటర్లు. ఫొటోలో దీపాల చక్రాలు, బిళ్ళ అచ్చంగా ఒకే సైజులో పక్కపక్కన ఉన్నాయి. ఆ ఫొటో ఇప్పటికీ దాచుకున్నాను. అదే కిట్ లెన్సు 55 దగ్గర ఎఫ్/5.6లో 10 మిల్లీమీటర్లే, చొక్కా గుండీ అంత. 85 ఎంఎం ఎఫ్/1.8 అయితే 47, కోసిన నిమ్మచెక్క అంత. లెన్సు కొనే ముందు ఈ భాగహారం ఒక్కటి చేసుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

నేను అప్పటికే ఒక పొరపాటు చేసి ఉన్నాను. పాత 50ని ఎఫ్/2.8కి మూస్తే దీపాలు ఐదు మూలల బిళ్ళలవుతున్నాయి, దానికి ఉన్నవి ఐదు తిన్నటి బ్లేడ్లు (కన్నాన్ని మూసే రేకులు) మరి. అందుకని డిసెంబర్‌లో కొత్తగా అదే 50 ఎఫ్/1.8లో తర్వాతి రకం, ఎస్‌టీఎం కొన్నాను. దీనికి ఏడు బ్లేడ్లు, అంచులు వంపు తిరిగినవి, కాబట్టి ఎఫ్/2.8లో కూడా దీపాలు దాదాపు గుండ్రంగా ఉంటాయి. 45 సెంటీమీటర్ల బదులు 35 దాకా దగ్గరికి వెళ్ళొచ్చు. ఫోకస్ మోటారు అరవదు. ఇవన్నీ మంచివే. కానీ లోపలి గాజుల అమరిక పాతదానిదే. ఎఫ్/1.8లో అత్త కిటికీ ఊచలు మళ్ళీ అలాగే జంటలుగా వచ్చాయి. పాత 50 ఉన్నవాళ్ళు మసక మెత్తగా వస్తుందన్న ఆశతో ఎస్‌టీఎంకి మారొద్దు.

జనవరిలో పాతకాలపు రష్యన్ లెన్సు మీద మోజు పడ్డాను. హీలియోస్ 44-2, 58 ఎంఎం ఎఫ్/2, జర్మనీ వాళ్ళ బయోటార్‌ని చూసి సోవియట్ యూనియన్‌లో చేసింది. ఎం42 మర లెన్సు, సన్నటి అడాప్టర్ రింగుతో కెనాన్‌కి బిగించొచ్చు, ఫోకస్ చేత్తోనే. వెనక మసక సుడి తిరగడం దీని ప్రత్యేకత. ఆ సుడి ఫ్రేము అంచుల్లో ఉంటుంది, ఏపీఎస్-సీ సెన్సర్ ఆ అంచుల్నే కోసేస్తుంది. సోంపేట వైపు ఉద్దానం కొబ్బరి తోటలో తీస్తే సుడి జాడ కొంచెం తెలిసింది, అంతే. పైగా ఆన్‌లైన్‌లో తెలియని మనిషి దగ్గర కొన్న ఆ లెన్సు లోపల ఫంగస్ తీగలు పాకి ఉన్నాయి. ఫొటోలన్నీ పొగ కమ్మినట్టు వచ్చాయి. డబ్బు తిరిగి రాలేదు.

ఆ తోటలో ఒకటి మాత్రం బాగా తెలిసింది. కొబ్బరాకుల సందుల్లోంచి ఆకాశం కనిపించే చోటు ఏ లెన్సుకైనా కఠిన పరీక్ష. సన్నటి ఆకు, పక్కనే తెల్లటి వెలుగు, మళ్ళీ ఆకు. 50, నా 55-250 జూమ్, హీలియోస్ మూడూ అక్కడ గజిబిజి చేశాయి. ఒక్క మోకాలు వంచి కెమెరాని పైకి చూసేలా పెట్టినా, నిలబడి కిందికి చూసేలా పెట్టినా వెనక దృశ్యం మారిపోతుంది. నేను నిలబడి, ఎదుటి మనిషిని కూర్చోబెట్టి తీస్తే వెనక నీడపట్టున నేల వచ్చింది. అదే లెన్సు, మసక మెత్తబడింది.

తేలినీలాపురంలోనూ ఇదే అనుభవం. ఫిబ్రవరిలో 55-250 పట్టుకుని టెక్కలి మీదుగా వెళ్ళాను. ఊళ్ళో చింతచెట్ల మీద పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. 250 దగ్గర ఎఫ్/5.6 అంటే పై లెక్కలో 45 మిల్లీమీటర్లు, దాదాపు 85 ఎఫ్/1.8 అంత. అయినా కొమ్మల మధ్య కూర్చున్న పిట్టల వెనక ఆకులు ఒక్కొక్కటీ కనిపించాయి. చివరి కొమ్మ మీద, వెనక దూరంగా పొలం ఉన్న పెలికాన్ ఒకటి దొరికింది. వెనకంతా ఒకే పచ్చ రంగు పూసినట్టు వచ్చింది.

అక్కణ్ణుంచి వచ్చాక కూర్చుని లెక్క కాగితం మీద వేశాను. వెనకది మరీ దూరంగా లేనప్పుడు, ఆ భాగహారం జవాబుని మనిషికీ వెనక వస్తువుకీ మధ్య ఉన్న దూరంతో గుణించి, కెమెరా నుంచి వెనక వస్తువు దాకా ఉన్న దూరంతో భాగించాలి. అత్త కిటికీకి మీటరు దూరంలో ఉంది, 50తో నేను ఆవిడకి 1.2 మీటర్ల దూరంలో ఉన్నాను. చక్రం 13 మిల్లీమీటర్లు. 85 కొని, అదే ఫ్రేము కోసం 2 మీటర్ల దూరానికి వెనక్కి జరిగితే 16. పెద్ద లాభం లేదు. అదే 50తో, అత్త పీటని కిటికీకి 3 మీటర్ల దూరం జరిపితే 20. అంటే పైసా ఖర్చు లేకుండా పీట జరపడం కొత్త లెన్సుని మించిపోయింది. రెండూ చేస్తే 28. ఈ నాలుగు అంకెలు చూశాక కిట్ లెన్సు ఉన్న ఎవరికైనా నేను ముందు చెప్పేది పీట జరపమనే.

మరి 55-250 ఉండగా 85 ఎందుకు? గది లోపల ఎఫ్/5.6కి వెలుతురు చాలదు. ఎఫ్/1.8 దానికి దాదాపు 10 రెట్లు వెలుగు ఇస్తుంది. పైగా 250తో అదే ఫ్రేము కోసం 6 మీటర్ల దూరం పోవాలి. అప్పుడు 3 మీటర్ల వెనక ఉన్న కిటికీ ఊచ 15 మిల్లీమీటర్లే కరుగుతుంది. దూరంగా ఆకాశమో పొలమో ఉంటే 55-250 రాజు. ఇంట్లో కాదు.

మార్చిలో విశాఖలో సెకండ్ హ్యాండ్ కెనాన్ 85 ఎంఎం ఎఫ్/1.8 చూశాను. ఈసారి జాగ్రత్తపడ్డాను. ఫోన్ టార్చి దూరంగా పెట్టించి, దాన్ని కావాలనే ఫోకస్ తప్పించి, ఆ చక్రాన్ని స్క్రీన్ మీద పెద్దది చేసి చూడటం నేను నేర్చుకున్న పద్ధతి. లెన్సు లోపల దుమ్ము ఉంటే చక్రంలో చుక్కలు పడతాయి, ఫంగస్ ఉంటే వేళ్ళలాంటి గీతలు. ఆస్ఫెరికల్ (పూర్తి గోళాకారం కాని వంపున్న) గాజున్న లెన్సుల్లో కొన్నిటికి ఉల్లిపాయ చక్రాల్లా వలయాలు వస్తాయి. ఆ వెలుగు చక్రాన్ని ఫ్రేము మూలకి జరిపితే గుండ్రం పోయి బాదం గింజ ఆకారం అవుతుంది. వెడల్పు ఎపర్చర్ (కన్నం) ఉన్న లెన్సులన్నిటికీ కొంత ఉంటుంది, అది దోషం కింద లెక్కపెట్టక్కర్లేదు. నాకు చూపించిన లెన్సులో రెండు దుమ్ము చుక్కలు, అంతే. 22,000కి తీసుకున్నాను. సముద్రపు గాలి ఊరు కాబట్టి ఇప్పుడు లెన్సులన్నీ బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి. వానాకాలంలో నెలకోసారి పొట్లాలు మారుస్తాను.

85తో మొదటి ఆదివారం ఇంకో రెండు విషయాలు తెలిశాయి. తెల్లటి పత్తి, తెల్లటి నూలు ఈ లెన్సు లోపాన్ని బయటపెడతాయి. ఎఫ్/1.8లో ఫోకస్‌కి కాస్త ముందున్న పత్తి పింజల అంచుకి ఊదా రంగు, వెనకున్న వాటికి ఆకుపచ్చ ఛాయ. ఎఫ్/2.8కి వస్తే చాలావరకు పోతుంది. రెండోది, 2 మీటర్ల దగ్గర ఎఫ్/1.8లో స్పష్టంగా వచ్చే మందం 4 సెంటీమీటర్లే. అత్త కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో దారం లాగుతుంది. ఆ చెయ్యి నా వైపు వస్తే మొహం పోతుంది, మొహం ఉంటే చెయ్యి పోతుంది. అందుకని రాట్నాన్నే తిప్పి పెట్టాం. చెయ్యి, కదురు, మొహం మూడూ కెమెరాకి ఒకే వరుసలో, అడ్డంగా వచ్చేలా.

గది మాత్రం చాలలేదు. అత్తకి వెనక 3, నాకు 2, మొత్తం 5 మీటర్లు కావాలి, ఆ గది పొడవు నాలుగే. చాప మడిచి, రాట్నం ఎత్తి, "బయటికి పదరా, నాకూ ఉక్కపోస్తోంది" అని అత్తే అరుగు మీదికి వచ్చి కూర్చుంది. అప్పుడు చూశాను. పాత ఇల్లు కదా, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా తలుపులన్నీ ఒకే వరుసలో ఉన్నాయి. అత్త వెనక చీకటి గదులు, ఆ చీకటి చివర 12 మీటర్ల అవతల, పెరట్లో ఎండ పడిన అరటాకులు. ఎఫ్/1.8లో మసక లెక్క 40 మిల్లీమీటర్లకి చేరింది. అసలు గొప్పదనం మాత్రం ఆ చీకటిదే. అందులో ఊచల్లేవు, గీతల్లేవు, పోట్లాడేది ఏదీ లేదు. ఆకులు ఆ చివర ఒక పచ్చటి ముద్దలా కరిగిపోయాయి.

సాయంత్రం నాలుగున్నర, వెలుతురు పక్కనుంచి. ఎఫ్/2.8, సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 400. ఫోకస్ అత్త ఎడమచేతి వేళ్ళ మీద. ఇరవై ఏడు తీశాను, పనికొచ్చినవి మూడు.

వాటిలో ఒకటి స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాను. కదురు మొన నుంచి ఆవిడ వేళ్ళ దాకా, చీకటి మీద ఒక్క తెల్లటి గీత. అత్త కళ్ళద్దాలు తీసి, పైట చెంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూసింది.

"దారం కనబడతాందిరా" అంది.