పెయింట్ గళ్ల నుంచి తెలుగు ఫాంట్ దాకా: పని చిట్టా

బడి కంప్యూటర్‌లో పెయింట్ తెరిచి పేరు గీసుకునే సరదా, డబ్బు తెచ్చే ఫాంట్ డిజైన్‌గా మారాలంటే దాటాల్సిన దశలివి.

గళ్ల దశ

16 గళ్ల (తెర మీది చుక్కలు, అంటే పిక్సెళ్ల) ఎత్తులో ఇంగ్లీషు అక్షరం హాయిగా కూర్చుంటుంది. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉన్నాయి కాబట్టి 24 తీసుకోండి: పైన 4 గుడికి, నడుమ 12 అక్షరానికి, కింద 8 ఒత్తుకి. ఘ, ఝ కడుపులు పూడుకుపోతుంటే ఎత్తు పెంచకుండా వెడల్పు పెంచాలి. ఇది పిల్లల ఆటలా కనిపిస్తుంది గానీ, ఏ గీత తీసేస్తే అక్షరం పోల్చుకోలేమో ఇక్కడ తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదు.

గీతల దశ

ఇక ఫాంట్ గీసే సాఫ్ట్‌వేర్ కావాలి. గ్లిఫ్స్ అనేది మ్యాక్‌లో మాత్రమే నడుస్తుంది. ఫాంట్‌ఫోర్జ్ ఉచితం, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ పనిచేస్తుంది. ఎమ్‌ను (అక్షరం గీసే చట్రం కొలతను) 1000 యూనిట్లకు పెట్టి ముందు ర, వ, ద, క గీయండి. వంపుకి పైన, కింద, కుడి, ఎడమ చివర్లలో ఒక్కో బిందువు చాలు. ఎక్కువ పెడితే పెద్ద సైజులో వంపు సొట్టలు పడుతుంది.

తలకట్టును అక్షరానికి అంటించి గీయకూడదు. క కాస్తా కి అయితే తలకట్టు పోయి ఆ చోటుకి గుడి వస్తుంది, అందుకే దాన్ని విడి భాగంగా ఉంచుకోవాలి. ఖ, జ, ణ, బ, ల లకు అసలు తలకట్టే లేదు, వాటి గుణింతం విడిగా చూసుకోవాలి. పు, ఫు, వు లలో కొమ్ము కిందికి దిగాలి. వ పక్కన తగిలిస్తే చదివేవాళ్లకి మ కనిపిస్తుంది. మొ, యొ ల రూపం కూడా కొ, గొ లాంటిది కాదు.

ఒత్తుల దశ

త, న, మ, య, ర, ల ఒత్తులకు సొంత రూపాలున్నాయి, కొత్తగా గీయాల్సిందే. మిగతావాటిలో చాలా వాటిని తలకట్టు తీసి కుదించవచ్చు. అయితే 60 శాతానికి కుదిస్తే 80 యూనిట్ల మందం గీత 48 అవుతుంది, పుటలో ఒత్తులన్నీ వెలిసిపోయినట్టుంటాయి. మందాన్ని తిరిగి 65–70కి తేవాలి.

నియమాల దశ

బొమ్మలు మాత్రమే గీయగలిగినవాళ్లు ఎక్కువమంది ఆగేది ఇక్కడే. చిన్నప్పుడు ప్రోగ్రామింగ్‌తో కుస్తీ పట్టినవాళ్లకి ఇక్కడ పైచేయి. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రపంచ ప్రమాణం యూనికోడ్ తెలుగుకు ఇచ్చినవి 128 స్థానాలు. ఒత్తులకు అందులో విడి స్థానాల్లేవు, ఓపెన్‌టైప్ నియమాలే (ఏ అక్షరాల వరసకి ఏ రూపం రావాలో ఫాంట్‌లో రాసే సూచనలే) వాటిని పుట్టిస్తాయి. ఈ నియమాలు ఏ లిపివో చెప్పే గుర్తును స్క్రిప్ట్ ట్యాగ్ అంటారు; తెలుగుకు పాతదీ కొత్తదీ ఉన్నాయి. కొత్త ట్యాగ్ కింద వరస 'పొల్లు, తర్వాత హల్లు'. పాత ట్యాగ్ అలవాటుతో తిప్పి రాస్తే ఒత్తు రాదు, 'వ్యక్తి' కాస్తా 'వ్యక్‌తి' అయి కూర్చుంటుంది. క్ష కు విడిగా నియమం పెట్టాలి.

పరీక్షకు ఈ పదాలు కొట్టి చూడండి: స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, కర్ణుడు, మొయ్యి. తేడా వస్తే, ఫాంట్ నియమాల్ని నడిపి చూపే హార్ఫ్‌బజ్ షేప్ పనిముట్టులో పదం వేయండి, ఏ రూపం ఏ వరసలో వచ్చిందో పేర్లతో సహా చూపిస్తుంది. విండోస్‌లో ఒత్తుల అడుగు తెగిపోతుంటే తప్పు నియమాలది కాదు: విన్ డిసెంట్ (అక్షరం కింద విండోస్ చూపించే చోటు) విలువ తక్కువై ఉంటుంది. ఫాంట్‌లో అన్నిటికన్నా కిందికి దిగే జంట ఒత్తును కొలిచి ఆ అంకె పెట్టాలి.

పని దొరికే దశ

మండలి, రామభద్ర, సూరన్న వంటి గూగుల్ ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ అనే స్వేచ్ఛా అనుమతి కింద వచ్చినవి. విప్పి చూడొచ్చు, మార్చొచ్చు. ఫాంట్‌ను ఒంటరిగా అమ్మకూడదు, మార్చినదాన్ని అదే లైసెన్స్ కింద ఇవ్వాలి, అసలు రచయిత తనకే రిజర్వు చేసుకున్న పేరుంటే మార్చిన ఫాంట్‌కి అది వాడకూడదు.

ఇంకో పని డీటీపీ (కంప్యూటర్‌లో పుటలు కూర్చే) ప్రపంచంలో ఉంది. అను వంటి పాత ఫాంట్లు తెలుగు ముక్కల్ని ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో దాచాయి, ఫాంట్ మారిస్తే పాఠమంతా గజిబిజే. ప్రచురణకర్తల దగ్గరున్న పాత ఫైళ్లను యూనికోడ్‌కి మార్చడానికి ఈ ముక్కల లెక్క తెలిసినవాళ్లు కావాలి.

పని అడగడానికి వెళ్లేటప్పుడు తెర మీది బొమ్మలు చాలవు. అదే ఫాంట్‌లో 36 పాయింట్ల శీర్షికతో, 10 పాయింట్ల పాఠంతో పత్రిక కాలమ్ ఒకటి కూర్చి లేజర్ ప్రింట్ తీసుకెళ్లండి. 10 పాయింట్లలో ఘ కడుపు నిండిపోతే లోపలి ఖాళీని పెంచి మళ్లీ ప్రింట్ తీయాలి.