మంచులో ఉక్క

మా అబ్బాయికి ‘ఉక్క’ అనే మాట కోళ్ల గూటిలో తెలిసింది. బయట మైనస్ 20 డిగ్రీలు, మోకాలి లోతు మంచు. గూటి తలుపు తీసి తల లోపలికి పెట్టినవాడు వెంటనే వెనక్కి లాక్కున్నాడు. “అమ్మా, లోపల ఏదోలా ఉంది. తడిగా, బరువుగా. ఊపిరి ఆడడం లేదు” అన్నాడు. ఆ ‘ఏదోలా’కు తెలుగులో పేరుందనీ, చిన్నప్పుడు ప్రతి వేసవిలోనూ దానితోనే సతమతమయ్యాననీ అప్పుడు గుర్తొచ్చింది. ఆరేళ్లుగా వాడికి ఆ మాట చెప్పే అవసరమే రాలేదు. ఉక్క లేని చోట ఆ మాటను ఏం చూపించి నేర్పాలి?

ఆ ఉక్క నా చేతి చలవే. ఇంటి వెనక నాలుగు కోడిపెట్టలు, రెండు బాతులు. పెంచుదామన్నది మా అమ్మాయి, తల ఊపింది నేను. మొదటి చలికాలం వస్తుంటే భయం పట్టుకుంది. గూటికి ఎక్కడ సందు కనబడితే అక్కడ ప్లాస్టిక్ కాగితం కొట్టి, మేకులు దించి, చలిని జయించాననుకున్నాను. పది రోజులకు గూటి కిటికీకి లోపలివైపు మంచు పేరుకుంది. మరో వారానికి ‘మిరియం’ జుట్టు కొనలు నల్లబడ్డాయి. మిరియం మా నల్లపెట్ట. ఆ పేరు పెట్టింది అబ్బాయి. ముక్కుతో పొడిస్తే ఘాటుగా ఉంటుందట.

ఆ సాయంత్రం ఫోనులో మా అమ్మకు చెప్పుకున్నాను. “చలికి కాదే, చెమ్మకు దెబ్బ తింటాయి కోళ్లు. వానాకాలంలో గూడు బిగించేస్తే మాకూ ఇదే గొడవ. పైన గాలి ఆడనివ్వు” అంది. మంచును కంటితో చూడని మనిషి, వానల్లో నేర్చుకున్నది చెప్పింది. తరువాత నేను చదివిన పుస్తకాలన్నీ అదే మాటను పొడుగ్గా చెప్పాయి. కోడి ఒంటి వేడి దాదాపు 41 డిగ్రీలు. ఈకలు ఉబ్బించుకుంటే వాటి మధ్య నిలిచిన గాలే దానికి దుప్పటి. ఊపిరి నుంచీ రెట్ట నుంచీ వచ్చే ఆవిరికి బయటికి దారి లేకపోతే, అది జుట్టు మీద తడిగా చేరి అక్కడే గడ్డకడుతుంది. కాబట్టి గాలి పోయే కంతలు కోళ్లు కూర్చునే కర్ర కంటే బాగా పైన, కప్పు దగ్గర ఉండాలి. కూర్చునే చోట మాత్రం ఈదురు తగలకూడదు. ఆ కర్ర గుండ్రంగా కాక వెడల్పుగా ఉంటే, కాలివేళ్లను పొట్ట ఈకల కింద దాచుకొని పడుకుంటాయి. ప్లాస్టిక్ అంతా పీకేశాను.

వేడి దీపం పెడదామని మా ఆయన అన్నారు. ఎండుగడ్డి, ఈకల దుమ్ము, వేలాడే దీపం: ఈ మూడూ ఒక చెక్క గదిలో ఉంటే నాకు రాత్రి నిద్ర పట్టదు. వద్దన్నాను. అబ్బాయి కోళ్లకు స్వెటర్లు అల్లమన్నాడు. స్వెటర్ వేస్తే ఈకలు అణిగిపోయి ఉన్న దుప్పటి కూడా పోతుందని చెప్పడానికి అరగంట పట్టింది.

బాతులతో ఈ బెంగలేవీ లేవు. అవి మంచు మీదే కూర్చుంటాయి. వాటి కాళ్లలోకి దిగే వెచ్చటి రక్తనాళాలూ, పైకి వచ్చే చల్లటి నాళాలూ ఒకదానికొకటి ఆనుకొని ఉంటాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి అందించేసి, చల్లబడి పాదాల్లోకి చేరుతుంది. అందుకే పాదం నుంచి మంచుకు పోయే వేడి తక్కువ. వాటి గొడవల్లా నీళ్లే. ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు నీళ్లు రోజూ కావాలి, అవేమో గంటలో గడ్డకడతాయి. బడికి వెళ్లే ముందు ఒక బకెట్, వచ్చాక ఒకటి గోరువెచ్చటి నీళ్లు మోయడం పిల్లల వంతు. ఆ నీళ్లను బాతులు క్షణాల్లో చుట్టూ చిమ్మేస్తాయి. వాటిని కోళ్లతో కలిపి ఒకే గూట్లో ఉంచితే మళ్లీ చెమ్మ, మళ్లీ ఉక్క. వేరే గూడు కట్టాం.

ఇక్కడొకటి ఒప్పుకోవాలి. పిల్లలకు తెలుగు నేర్పడం నా బాధ్యత అనుకుంటూ వచ్చాను, కానీ కోళ్ల దగ్గర నా తెలుగు ఇట్టే అయిపోయింది. నేను మేడ మీది వాటాల్లో పెరిగాను. కోళ్లు పెంచింది మా అమ్మ, అదీ తన చిన్నతనంలో. దాంతో పిల్లలు నన్ను దాటేసి నేరుగా అమ్మమ్మను అడగడం మొదలుపెట్టారు. “అమ్మమ్మా, గుడ్ల మీద కూర్చోవడాన్ని ఏమంటారు?” “పొదగడం అంటారు తల్లీ.” కొన్నాళ్లకు నా నగల పెట్టె సర్దుతూ, రాళ్లు పొదిగిన ఉంగరం ఏదని అమ్మాయిని అడిగాను. “పొదిగిందా? కోడిలాగానా?” అంది. నలభై ఏళ్లుగా రెండు చోట్లా అదే మాట వాడుతూ, అవి రెండూ ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు. గూటిలో ఒదిగి కూర్చున్న పెట్టను ఒకసారి చూస్తే తెలుస్తుంది, ఆ మాట రాయికి ఎలా సరిపోయిందో.

రెండో చలికాలం చివర గుడ్లు పొదిగించాలన్నారు పిల్లలు. మా వీధిలో పుంజులను ఉంచకూడదు. అంటే మా పెట్టల గుడ్లలో పిల్ల కట్టదు. తెలిసినవారి పొలం నుంచి ఆరు బాతుగుడ్లు, పది కోడిగుడ్లు ఒళ్లో పెట్టుకొని తెచ్చాం. వాటిని కోడి కింద పెట్టమంది అమ్మ. ఎముకలు కొరికే చలిలో ఏ పెట్టా పొదుగుకు రాలేదు, గుడ్లు పొదిగే మెషీన్ తెచ్చాం. “37.5 డిగ్రీలట” అని చెబితే, “మా కోడికి డిగ్రీలు తెలియవు” అని నవ్వింది.

కోడిగుడ్డుకు 21 రోజులు, బాతుగుడ్డుకు 28. రెండూ ఒకే రోజు పగలాలంటే బాతుగుడ్లను వారం ముందు పెట్టాలి. గుడ్లను రోజుకు మూడుసార్లయినా తిప్పాలి, లేకపోతే లోపలి పిండం ఒకవైపు పొరకు అతుక్కుపోతుంది. ఏ గుడ్డు తిప్పామో గుర్తుండడానికి పెన్సిల్‌తో ఒకవైపు ఒక గుర్తు, రెండోవైపు మరోటి పెడతారు. మా అమ్మాయి ఒకవైపు ‘అ’, రెండోవైపు ‘ఆ’ రాసింది. అక్షరాల పుస్తకం ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోని మా అబ్బాయి, ప్రతి ఉదయం స్టూలు ఎక్కి, “అన్నీ ‘ఆ’ అయ్యాయి, ఒకటి మాత్రం ‘అ’గానే ఉంది” అని అప్పజెప్పేవాడు. పదహారు గుడ్లు చేసిన పని నా రెండేళ్ల పోరు చేయలేదు. నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

కోడిగుడ్లు పెట్టిన ఏడో రాత్రి దీపాలార్పి ఫోను వెలుగులో గుడ్లు చూశాం. వీడియోలో అమ్మ. చాలావాటిలో ఎర్రటి నాళాలు సాలెగూడులా అల్లుకున్నాయి, నడుమ ఒక చుక్క కదులుతోంది. రెండు కోడిగుడ్లు మాత్రం ఖాళీగా పసుపుపచ్చగా ఉన్నాయి. ఒక బాతుగుడ్డులో నెత్తుటి వలయం మిగిలింది, పిండం పెరగడం మొదలై ఆగిపోయిందన్నమాట. “తీసేయండి, మురిగితే పగిలి తక్కినవాటినీ పాడుచేస్తుంది” అంది అమ్మ. గాలిలో తేమ ఎంత ఉండాలో, గుడ్డు వెడల్పు చివర ఉండే గాలిగది రోజురోజుకూ ఎలా పెరగాలో అమ్మాయి ఆవిడకు వివరించసాగింది. ఓపికగా విన్నాక, “గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించిందట” అంది అమ్మ. ఆ సామెతను గుడ్ల ముందే వినేసరికి పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. వారం పాటు ఒకరి మీద ఒకరు దాన్నే ప్రయోగించుకున్నారు.

గుడ్లు పగలడానికి మూడు రోజుల ముందు తిప్పడం మానేసి, తేమను 65 శాతం దాటించి, మూత తెరవకూడదు. బాతులకు 25వ రోజు, కోళ్లకు 18వ రోజు, మాకు రెండూ ఒకే పూట. ఆ మూడు రాత్రులూ ఇంట్లో ఎవరమూ గట్టిగా మాట్లాడలేదు. ఆఖరి రోజుకు గుడ్లలోంచి కీచుమని పిలుపులు వినబడ్డాయి. పెంకులో చిల్లయినా పడకుండానే! అమ్మాయి అద్దానికి నోరు ఆనించి “రా రా” అని తెలుగులో పిలవసాగింది.

అమెరికా శాస్త్రవేత్త గిల్బర్ట్ గాట్లీబ్ ఏళ్ల తరబడి బాతుగుడ్లతో ఈ సంగతే పరిశోధించాడు. గుడ్డులోని బాతుపిల్ల తన గొంతును తానే వింటుంది, పక్క గుడ్లలోవాటినీ వింటుంది. ఆ శబ్దాలు వినకుండా చేసిన పిల్లలు బయటికి వచ్చాక తమ జాతి తల్లి పిలుపుకూ కోడి పిలుపుకూ తేడా పట్టలేకపోయాయి. పుట్టగానే ఎదురుగా కదిలినదాని వెంట పడే పెద్దబాతు పిల్లల కథ అందరికీ తెలుసు, దాన్ని వివరించిన కోన్రాడ్ లోరెంజ్‌కు 1973లో నోబెల్ కూడా వచ్చింది. నన్ను మాత్రం ఈ పెంకులోపలి వినికిడే ఎక్కువ కుదిపింది. అమ్మాయికి చెప్పాను. కాసేపు ఆలోచించి, “మరి నేను పుట్టకముందు నువ్వు ఏ భాషలో మాట్లాడేదానివి?” అంది. పగలంతా ఆఫీసులో ఇంగ్లీషు. రాత్రి పడుకునే ముందు గంటసేపు అమ్మతో తెలుగు. ఉన్నదున్నట్టు చెప్పాను. “అందుకే నాకు అమ్మమ్మ గొంతు వింటే నిద్రొస్తుంది” అంది. నిజమో, వేళాకోళమో తెలియలేదు.

కోడిపిల్లలు మొదట వచ్చాయి, ఏడు. ఎనిమిదో గుడ్డు కదల్లేదు. బాతులు నాలుగు వచ్చాయి. ఐదోది చిల్లు పెట్టి అక్కడే ఆగింది. ముప్ఫై గంటలు గడిచాయి. “తొందరపడకు, దాని పని దాన్ని చేసుకోనివ్వు” అని అమ్మ రెండుసార్లు చెప్పింది. అర్ధరాత్రి లేచి కొంచెం పెంకు వలిచాను. పొర మీద నెత్తురు మెరిసింది. పిల్ల బయటికి రాకముందు పొరలోని నెత్తురంతా ఒంట్లోకి ఇంకాలి, మిగిలిన పచ్చసొన పొట్టలోకి చేరాలి. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ వలిచాను. తెల్లారేసరికి అది తనంతట తానే బయటపడి, తడి ముద్దలా పడుకొని ఉంది. అదృష్టం, అంతే. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు.

ఆ బాతుపిల్లలు మొదటిసారి తొట్టెలో దూకినప్పుడు అమ్మ ఒక కథ చెప్పింది. వాళ్లింట్లో బాతుగుడ్లను కోడి కిందే పెట్టేవారట. పిల్లలు చెరువులోకి దిగితే ఆ కోడి గట్టు మీద అటూ ఇటూ పరుగెత్తి అరిచేదట. విదేశంలో పిల్లలను పెంచే వాళ్లెవరికైనా అక్కడ ఒక పోలిక తట్టి తీరుతుంది. నాకూ తట్టింది, మింగేశాను. అబ్బాయి మాత్రం, “సాయంత్రానికి గట్టెక్కి వస్తాయిగా, మరి ఎందుకు అరవడం?” అన్నాడు.

రెండు నెలలకు కోడిపిల్లల జుట్లు ఎర్రబడి, ఏడింటిలో నాలుగు పుంజులని తేలింది. ఒకటి కూత కూడా అందుకుంది, గొంతు పగిలిన కూత. “పుంజులేగా, కోసుకోండి” అంది అమ్మ మామూలుగా. అబ్బాయి ఫోను నా చేతిలో పెట్టేసి గదిలోకి వెళ్లిపోయాడు. రెండు వారాలు అమ్మమ్మతో మాట్లాడలేదు. వాడికి అవి పేర్లున్న నాలుగు ప్రాణాలు. అమ్మ చిన్నప్పుడు కోడి అంటే ఇల్లు గడవడం. ఇద్దరి మధ్యా మాటలు మోసే పని మళ్లీ నా మీద పడింది. వాడికి నచ్చజెప్పడం సులువే, అమ్మ క్రూరురాలు కాదని. అమ్మకు వాడు సుకుమారుడు కాదని చెప్పడమే కష్టమైంది. చివరికి అమ్మే వాడిని పిలిచి, తను కోయనివ్వకుండా మంచం కింద దాచిన ఒక పెట్ట సంగతి చెప్పింది. దాన్ని ఎన్నాళ్లు దాచిందో, చివరికి ఏమైందో వాడు అడగలేదు. ఆవిడా చెప్పలేదు. పుంజులను గుడ్లు తెచ్చుకున్న పొలానికే తిరిగి ఇచ్చేశాం. ఆ తరువాత వాటికి ఏమైందో నేనూ అడగలేదు.

ఇది మూడో చలికాలం. మొన్న బడి బస్సు కోసం నిలబడ్డాం. స్వెటరు మీద కోటు, దాని మీద శాలువా చుట్టి, నేనే వాడిని బొమ్మలా బిగించేశాను. కోటు జిప్పు కాస్త కిందికి లాగి, మెడ దగ్గర వేలు దూర్చి, “అమ్మా, లోపల ఉక్కగా ఉంది. పైన గాలి ఆడనివ్వు” అన్నాడు.