తెరమీద తమ్ముడి దవడ

"ఇదిగో, గాలి దారి ఇక్కడే నొక్కుకుపోయింది," అంటూ డాక్టర్ గారు మౌస్ కదిపేసరికి తెరమీద మా తమ్ముడి పుర్రె పక్కకు తిరిగింది. "అక్కా, అది నేనేనా?" అన్నాడు వాడు.

గొంతు దారికి రంగులు వేసి చూపించారు. నాలుక వెనకాల మాత్రం ఎరుపు, సన్నటి చీలికంత. పర్లాకిమిడిలో మా వీధి వీధంతా వినే గురక పుట్టేది అక్కడా!

వాడిది నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగిపోయే జబ్బు, స్లీప్ ఆప్నియా. గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే మాస్క్ పెట్టుకుని పడుకోవడం వాడి వల్ల కాలేదు. అందుకే విశాఖ దాకా వచ్చాం. పై దవడ, కింది దవడ రెండూ కోసి, సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి, ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తారట. ఎముకతో పాటు నాలుక కండరాలూ ముందుకొస్తాయి, వెనక దారి తెరుచుకుంటుంది. కత్తి పట్టకముందే అదంతా కంప్యూటర్లో జరిపి చూసేశారు. కింది దవడలో నరం ఎటు పోతోందో కూడా స్కాన్‌లో గుర్తు పెట్టారు. అది దెబ్బతింటే పెదవి, గడ్డం తిమ్మిరెక్కుతాయట. ఆ మాట దగ్గర మాత్రం నాకు టెన్షన్ పట్టుకుంది.

"స్కాన్ తీసినప్పుడు వీడు మెలకువగానే ఉన్నాడు కదండీ, గొంతు మూసుకునేది నిద్రలో కదా?" అని అడిగాను. అందుకే మందిచ్చి నిద్రపుచ్చి, ముక్కులోంచి సన్న కెమెరా పంపి కూడా చూస్తాం, స్కాన్ ఒక్కటే చాలదు అన్నారు. దాచకుండా చెప్పడం నచ్చింది.

రాత్రి ఫోన్ చేస్తే అమ్మకి ఒకటే దిగులు. "దవడ ముందుకొస్తే మొహం మారిపోదూ? వాడికింకా పెళ్లి కావాలి."

కొంచెం మారుతుందమ్మా అన్నాను.

"అయితే ఫొటోలు ఆపరేషన్ అయ్యాకే తీయిద్దాం" అంది.